ప్రసాదన్న గిటార్ అసలు రంగు

నిన్న పొద్దున వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయిండు" అంది.

ఫోన్ పట్టుకుని వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. కూర్చుంటే నిజమైపోతుందేమోనని.

ప్రసాదన్న మా పెద్దనాన్న కొడుకు. గద్వాలలో మగ్గాల ఇల్లు. ఆయనకు మగ్గమంటే పడేది కాదు, గిటార్ కావాలి.

తొంభైల్లో, నేను వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు, హైదరాబాద్ నుంచి పాత ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చాడు. ఫారిన్‌ది. ఆయనకంటే వయసులో పెద్దది. షాపులో చూసి గ్రీన్ కలర్ అనుకున్నాడు.

"పట్టు రంగైతే గడప బయట ఎండల చూస్తం. దీన్ని ట్యూబ్‌లైట్ కింద చూసి తెచ్చినవా, అన్నా?" అన్నాను.

మగ్గాల ఇంట్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

అన్న గిటార్‌ను ఎండలోకి తెచ్చాడు. స్క్రూలు తీసి, ముందున్న ప్లాస్టిక్ ప్లేట్ లేపాడు.

కింద లేత నీలం.

"వెలుతురు తగిలిన కాడ వార్నిష్ ముసలిదై పసుపు తిరిగింది. నీలం మీద పసుపు, గందుకే ఆకుపచ్చ కొడ్తున్నది."

స్క్రూ రంధ్రాల అంచులు కూడా చూశాడు. ఇంకో రంగు పొర లేదు. అంటే తర్వాత ఎవరూ పెయింట్ చేయలేదు, ఫ్యాక్టరీలో వేసిందే. అప్పట్లో ఆ నీలం ఆర్డర్ ఇస్తేనే వేసేవారట. చాలా రేర్.

ఆయన వాయించే నాగర్‌కర్నూల్ ఆర్కెస్ట్రా ఓనర్‌కు ఇదేమీ పట్టలేదు. "పాచి పట్టినట్టున్నది. గీకిచ్చి ఎర్ర రంగు కొట్టియ్యి. లేకుంటే పెండ్లిళ్లకు రాకు."

"రాను తియ్యి."

నిజంగానే పోలేదు. ఆ సీజనంతా మగ్గం గుంతలో కూర్చున్నాడు. జన్మలో కూర్చోనని ఒట్టు పెట్టుకున్న మనిషి. వంగిన ఆ వీపు నాకింకా కనిపిస్తోంది.

"రంగే గదన్నా, గింత పంతమేంది?"

"ఎర్రది ఎప్పుడన్నా కొట్టియ్యొచ్చు చెల్లె. గిది ఒక్కపారి పోతే మల్ల రాదు."

వేరే గిటారిస్ట్ దొరక్క, చివరికి ఓనరే ఇంటికొచ్చాడు. "ఏ రంగైనా సరే, రా." అన్న మగ్గం మీదున్న చీర పూర్తయ్యేదాకా కదల్లేదు.

నిన్న గద్వాలలో అంత్యక్రియలయ్యి అందరూ వెళ్లాక అన్న కొడుకు నా పక్కన కూర్చున్నాడు.

"అత్తా, నాయిన యాదిగ గిటార్ గోడకు పెడ్త. కొత్త రంగు కొట్టియ్యమంటవా?"

వద్దురా అన్నాను.

స్క్రూడ్రైవర్ తెమ్మన్నాను.

పోయిరా అన్నా. నీ మనసుకు అక్కడ నెమ్మది దొరకాలి.