రాయొద్దన్నారు గానీ అద్దొద్దన్నారా?

మొన్న మా మేనకోడలి ఫ్లాట్‌కి వెళితే, ఆసుపత్రి నుంచి వస్తూ తెచ్చుకున్న కాగితం ఒకటి నా చేతిలో పెట్టి, కళ్ళజోడు కారులో మరిచిపోయాను, కాస్త చదివిపెట్టు మావయ్యా అంది. నున్నటి కాగితం, రంగురంగుల బొమ్మలు. రేడియేషన్ జరుగుతున్నన్నాళ్ళూ చర్మాన్ని ఎలా చూసుకోవాలో తెలుగులోనే శుభ్రంగా అచ్చువేశారు. గోరువెచ్చటి నీళ్ళు పోసుకోవచ్చు గానీ రుద్దకూడదు, ఎండ తగలనివ్వకూడదు, మెత్తటి నూలుబట్టలు కట్టుకోవాలి, వాళ్ళిచ్చిన క్రీము పలుచగా రాయాలి. ఆ 'రాయాలి' దగ్గరికి వచ్చేసరికి నేను చదవడం ఆపేశాను. అక్షరాలు కనపడటం లేదా మావయ్యా అని అడిగింది. కనపడుతున్నాయమ్మా, వాటి వెనక మీ నాయనమ్మ కూడా కనపడుతోంది అన్నాను.

ఇది డెబ్భైలనాటి మాట. అప్పటికి ఈ పిల్లది పలక పట్టుకునే వయసు. దాన్ని మైలవరంలో వాళ్ళ పెద్దమ్మ దగ్గర వదిలిపెట్టి, మా అక్క, బావగారు, అక్కగారి అత్తగారు ముగ్గురూ గవర్నర్‌పేట సందులో మా అద్దెవాటాకి వచ్చి దిగారు. మాది కొత్తకాపురం. రెండు గదులు, వంటిల్లని మేము గౌరవంగా పిలుచుకునే ఒక మూల. అక్క మెడలో గడ్డ లేస్తే కోసి తీశారు, తీసినదాన్ని పరీక్షకు పంపారు, ఆ ఫలితం చూసి బ్యారేజీ అవతల పెద్దాసుపత్రిలో కొన్ని వారాలపాటు కరెంటు పెట్టించాలన్నారు. మన తరంవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో జబ్బు పేరు ఎవరూ పైకి అనేవారు కాదు, 'ఆ జబ్బు' అనేవారు. దాని వైద్యానికి, అంటే ఈ రేడియేషన్‌కే, మాత్రం అందరికీ నోరు తిరిగే పేరు ఒకటే, కరెంటు పెట్టడం.

ఆ పేరు మూలంగా వచ్చిన చిక్కుల్లో మొదటిది నా నెత్తినే పడింది. నేను కరెంటాఫీసులో గుమాస్తాని. నాకు తెలిసిన కరెంటు అంతా కాగితాల మీదిదే, ఇంట్లో ఫ్యూజు పోతే మా ఆవిడ స్టూలెక్కి వేసేది, నేను స్టూలు పట్టుకునేవాణ్ణి. కానీ అక్క అత్తగారి దృష్టిలో కృష్ణాజిల్లా కరెంటంతా నా గుప్పిట్లో ఉంది. వచ్చిన రోజునే నన్ను వసారాలోకి పిలిచి, గొంతు తగ్గించి, "అబ్బాయ్, మీ ఆఫీసోళ్ళతో ఒక మాట చెప్పి మా కోడలికి కాస్త తక్కువ పెట్టించరాదూ? అసలే అర్భకపు మనిషి, తట్టుకోలేదు," అన్నారు. అది వైద్యశాఖవారి కరెంటండీ, మాది విద్యుత్ శాఖ అని వివరించబోయాను. "కరెంటులో కూడా శాఖలుంటయ్యా?" అని ఆవిడ నావంక చూసిన చూపులో, సాయం చెయ్యడానికి మనసు లేక చెప్పే సాకు అన్న అనుమానం స్పష్టంగా కనిపించింది.

మొదటిరోజు డాక్టరుగారు అక్క మెడ మీద ఊదారంగు సిరాతో గీతలు గీశారు. కరెంటు ఈ గీతల మధ్యనే పడాలి, ఇవి చెరగకూడదు, నీళ్ళు తగలకూడదు, సబ్బు గానీ పసుపు గానీ నూనె గానీ పౌడరు గానీ ఏమీ రాయకండి అన్నారు. పుట్టి బుద్ధెరిగాక, రాయొద్దని ఒక గుమాస్తాకి చెప్పిన పెద్దమనిషి ఆయనొక్కడే అని నేను లోలోపల నవ్వుకున్నాను. ఆ తరవాత ఆయన అన్న మాటకి ఆ నవ్వు లోపలే చచ్చిపోయింది. తోలు ఎర్రబడుతుంది, నల్లబడుతుంది, మండుతుంది, దానికి భయంలేదు. చిట్లిందంటే మాత్రం కరెంటు ఆపాల్సి ఉంటుంది. మధ్యలో ఆపడం మనకి మంచిది కాదు.

మంచిది కాదంటే ఏమిటో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. నుదుటి రాతను నమ్మి బతికే మాకు ఆ రోజు నుంచి మెడ మీది గీత దేవుడైంది. అరచేతి వెడల్పు చర్మం చిట్లకుండా నిలబడితే అక్క మనకి దక్కుతుంది, లేకపోతే లేదు అన్నట్టుగా ఇంటిల్లిపాదీ దాన్నే చూస్తూ కూర్చున్నాం.

మెడలో ఏమీ ఉండకూడదు, సూత్రాలు కూడా తీసెయ్యాలి అన్న సంగతి అత్తగారికి ఎవరు చెప్పాలా అని బావగారూ నేనూ బస్సులో దారిపొడుగునా మల్లగుల్లాలు పడ్డాం. తీరా చెప్పాక ఆవిడ ఒక్కక్షణం కళ్ళు మూసుకుని, తన చేత్తోనే ఆ పసుపుతాడు తీసి అక్క ముంజేతికి చుట్టి ముడివేశారు. "మెడలో ఉన్నా చేతిలో ఉన్నా మావాడి పెళ్ళామేగా," అన్నారు. ఆవిడ అక్కని ముట్టుకోవడం ఆ తరవాత మాకు కనపడలేదు.

ఎందుకంటే కరెంటు మొదలైంది. రోజూ ఒంట్లోకి కరెంటు ఎక్కించుకుని వచ్చే మనిషిని ముట్టుకుంటే షాకు కొట్టదని ఆవిడకి ఎవరు చెప్పగలరు? నేను చెప్పాను, కానీ నా మాటకి అప్పటికే విలువ పోయింది. నీళ్ళు తగలకూడదని డాక్టరుగారు అనడం ఆవిడ అనుమానాన్ని రూఢి చేసింది. తడిచేత్తో స్విచ్చి ముట్టుకోకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు కదా! అక్క కూర్చోవాలంటే చెక్కపీట, నడవాలంటే ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు. కాఫీ గ్లాసు చేతికివ్వకుండా నేలమీద పెట్టి జరిపేవారు. మా అత్తయ్యకి నేనంటే ఇన్నాళ్ళకి భయం పట్టుకుంది అని అక్క నవ్వేది గానీ, నవ్వాక గోడవైపు తిరిగి పడుకునేది.

ఎండలు ముదిరాయి. కరెంటు కోతలు కూడా ముదిరాయి. ఫ్యాను ఆగిపోగానే అక్క మెడ మీద చెమట పట్టేది, చెమట పట్టగానే మంట. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి సందులోవాళ్ళంతా అరుగుల మీద విసనకర్రలతో కూర్చుని, వచ్చాడమ్మా మారాజు, కరెంటు జేబులో పెట్టుకుని అని స్వాగతం చెప్పేవారు. మామూలు రోజుల్లో నేనూ ఒకటి అంటించేవాణ్ణి. అప్పుడు మాత్రం తలవంచుకుని లోపలికి వెళ్ళి మొదట ఆ మెడ చూసేవాణ్ణి. మొదట కందినట్టు ఎరుపు, తరవాత ఎండలో మాడినట్టు నలుపు, ఆపైన దురద. అక్క చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది, తెలియకుండా గోక్కుంటానేమోనని. గంజిపెట్టిన చీరలన్నీ పెట్టెలోకి వెళ్ళాయి. బావగారి పాత పంచె ఉతికి ఉతికి మీగడలా మెత్తనైనది చింపి మెడచుట్టూ వదులుగా కప్పేది మా ఆవిడ. బ్యారేజీ మీద బస్సు వెళుతుంటే కిటికీలోంచి వచ్చే ఎండకి బావగారు బస్సులోనే గొడుగు విప్పేవారు. కండక్టరు మొదట్లో వేళాకోళం చేసి, సంగతి తెలిశాక ఆ సీటు మాకోసం అట్టేపెట్టడం మొదలెట్టాడు.

చూడవచ్చినవాళ్ళందరూ వైద్యులే. ఒకరు గంధం అన్నారు, ఒకరు కలబంద అన్నారు, కొత్తగా తీసిన వెన్నని మించింది లేదు అన్నారు ఇంకొకరు. అందరికీ నేను ఒకటే చెప్పేవాణ్ణి, డాక్టరుగారు ఏమీ రాయొద్దన్నారండీ అని. అత్తగారు తలూపేవారు.

ఒక ఉదయం మెడమీది గుడ్డ మార్చబోయిన బావగారు అలాగే నిలబడిపోయారు. కుడివైపు గీతలు లేవు. అక్కడ ఊదారంగు మరకలాంటిది అలుక్కుపోయి, నూనెబట్టలా మెరుస్తోంది. కాలర్‌బోన్ పైన, మడత దగ్గర, చర్మం తడితడిగా కనిపించింది. చిట్లినట్టే ఉంది.

బావగారు మైలవరం హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. స్కేలు లేకుండా నల్లబల్లమీద నిలువుగీత గీస్తే తాపీమేస్త్రి తూకంగుండు వేసి చూసుకోవచ్చునని చెప్పుకునేవారు. ఆయన గబగబా తన పెట్టె తెరిచి ఊదారంగు సిరాబుడ్డీ, సన్నటి కుంచె తీశారు. నాకు రోజూ చూసి చూసి కళ్ళకి కట్టినట్టుంది, వెంట్రుకవాసి తేడా రాదు, ఇవి చెరిగాయని తెలిస్తే వాళ్ళు ఇవాళ పెడతారో మానేస్తారో అని గొణుక్కుంటూ కుంచె ముంచారు. మెడదాకా తెచ్చి, మళ్ళీ సిరాలోనే ముంచారు. బస్సుకి వేళవుతోంది. నాకు ఆయన్ని ఆపాలనీ ఉంది, గీసేస్తే బాగుండుననీ ఉంది.

అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళూ మీరు గీసిన గీత దాటలేదండీ. ఈ ఒక్క గీత మాత్రం డాక్టరుగార్ని గియ్యనివ్వండి," అంది.

ఆయన కుంచె కిందపెట్టి, పంచెకొంగుతో మొహం తుడుచుకున్నారు. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి అత్తగారి గొంతు వినపడింది. "నేనే. నేనే చేశాను. వెన్న."

రాయొద్దన్నారు కదమ్మా అని బావగారు అరిచినంత పని చేశారు. తల్లిమీద ఆయన గొంతు లేవడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. "రాయలేదురా! రాస్తానా? నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది, పిల్ల నిద్దట్లో మూలుగుతోంది. రాయొద్దన్నారు గానీ అద్దొద్దన్నారా? వేలితో అట్టా అద్దాను అంతే. షాకు కొడుతుందేమోనని పీట మీద నుంచుని మరీ అద్దాను," అని కొంగు నోట్లో కుక్కుకున్నారు.

ఆ పీట మాటకి మరోచోటైతే నవ్వేవాళ్ళం. అక్క నెమ్మదిగా, "నిద్దరపోలేదు అత్తయ్యా, మెలకువగానే ఉన్నా," అంది. మరి వద్దనలేదేమే అని ఆవిడ అడిగితే, "మీరు నన్ను ముట్టుకుని ఎన్నాళ్ళైందీ?" అంది.

ఆసుపత్రిలో డాక్టరుగారు మమ్మల్ని పెద్దగా కోప్పడలేదు. వెన్నకీ దీనికీ సంబంధం లేదు, ఈ దశలో కొందరికి చిట్లుతుంది, గీతలు మళ్ళీ గీసుకోవచ్చు, కానీ ఇది మానేదాకా ఆపక తప్పదు, త్వరగా మానాలి అన్నారు. ఎంత త్వరగా అని బావగారు అడిగితే, ఎంత త్వరగా అయితే అంత మంచిది అన్నారు. అత్తగారికి మొదటి ముక్క చెవికెక్కలేదు. తన వేలివల్లే కోడలి ప్రాణం మీదికి వచ్చిందన్న నమ్మకంతో ఆ చూపుడువేలిని గుప్పిట్లో దాచుకుని బెంచీమీద కూర్చున్నారు.

అక్కడి నర్సమ్మగారు మాకు పద్ధతి చూపించారు. ఉప్పువేసి కాచి చల్లార్చిన నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి, పిండి, కాసేపు వేసి ఉంచాలి. తీశాక పొడిగుడ్డతో తడి తీయాలి. "రుద్దకండి, అద్దండి," అన్నారు. ఆ మాట వినగానే అత్తగారు తలెత్తారు. నర్సమ్మగారు ఒకసారి అద్ది చూపించి, ఆ గుడ్డ ఎవరికివ్వాలా అని మావంక చూస్తే, అందరికన్నా ముందు చెయ్యి చాపింది ఆవిడే. తడిగుడ్డ, తడిచెయ్యి, కాళ్ళకింద పీట లేదు.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం నావల్ల కాదు. కరెంటు పెట్టని రోజల్లా లోపల ఆ జబ్బు ఏం చేస్తోందో అన్న ఆలోచన ఒకవైపు, మెడ మీద పల్చటి పొర కడుతోందా లేదా అన్న చూపు ఒకవైపు. అత్తగారు మాత్రం నీళ్ళు కాచడం, గుడ్డలు ఉడకబెట్టడం, అద్దడం, తాటాకు విసనకర్రతో విసరడం, ఇదే లోకం. కోత పెట్టిన మధ్యాహ్నాల్లో ఆవిడ చెయ్యి ఆగేది కాదు. మీ ఆఫీసోళ్ళకన్నా మా అత్తయ్యే నయంరా, ఈవిడ దగ్గర కోతల్లేవు అంది అక్క ఒకరోజు. చాన్నాళ్ళకి వచ్చిన ఆ నవ్వు గోడవైపు తిరగలేదు. మడతలో తడి ఆరింది. పొర కట్టింది. డాక్టరుగారు వేలితో సుతారంగా తాకి చూసి, సరే అని సిరాబుడ్డీ తెమ్మన్నప్పుడు, బావగారు నర్సమ్మగారికన్నా ముందు వెళ్ళి దాన్ని అందుకొచ్చారు.

మిగిలిన కరెంటు పూర్తయింది. అక్క ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది, అత్తగారిని తన చేతులమీదుగానే సాగనంపింది. మెడ మీద పలకలాంటి ఆ నల్లటి మచ్చ మాత్రం పోలేదు. సూత్రాలు మళ్ళీ మెడలోకి వచ్చినప్పుడు, తాడు ఒరుసుకోకుండా పాతపంచె పేలికతో సన్నటి గొట్టంలా కుట్టి తొడిగింది ఆ పెద్దావిడే.

ఇదంతా విని మా మేనకోడలు ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది. దానికి ఇప్పుడు గీతలు లేవు, కనపడీ కనపడని చిన్న పచ్చబొట్టు చుక్కలు. కరెంటు పోయే ఊసే లేదు, ఏసీ చల్లగా వీస్తోంది. ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో అంతా అచ్చులో రాసి ఇచ్చారు, ఎవరూ ఏ మాటా తప్పుగా అర్థం చేసుకునే వీలు లేకుండా. ఆసుపత్రికి తనే కారు నడుపుకుంటూ వెళ్ళి తనే వస్తోంది. భుజం వెనక్కి చెయ్యి అందక క్రీము సగం రోజులు రాసుకోవడం లేదట. నేను రాస్తాను, వెనక్కి తిరుగు, ముందు నాకో పీట తెచ్చిపెట్టు అన్నాను.

"మా ఫ్లాట్లో పీట ఎక్కడిది మావయ్యా," అని నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. "అయినా ఇప్పుడు షాకు కొట్టదులే. అద్దు."