ఎరుపు రాని కార్డు

నా బిడ్డకు రంగులు తెలియడం లేదేమోనని భయం. బొమ్మల పుస్తకంలో ప్రతి చెట్టుకూ గోధుమరంగు ఆకులే వేస్తోంది. ఆకుపచ్చ పెన్సిలు పక్కనే ఉన్నా ముట్టుకోదు. నేను చదివింది జీవశాస్త్రం. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని లోపం ఆడపిల్లకు రావాలంటే తండ్రికి కూడా ఉండాలని నాకు తెలుసు. మా ఆయన బజారులో అంత దూరం నుంచే పండిన టమాటాలు పోల్చుకుంటాడు. అయినా నా భయం తీరలేదు. రంగురంగుల గుండీలు నేలమీద పోసి ఏది ఏదో చెప్పమని పిల్లను వేధించాను. అది విసుక్కుని లేచిపోయేదాకా వదల్లేదు.

ఆ దిగులులో ఉండగానే మానిటర్ బాబాయి ఫోన్ చేశాడు. కంప్యూటరుకు ఒక కార్డు ఎంచుకోవాలనీ, పిన్నికీ తనకూ పొసగడం లేదనీ, వచ్చి తేల్చమనీ అన్నాడు.

ఆయన మా నాన్నకు ఆఖరి తమ్ముడు. బస్టాండు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడిపేవాడు. బరువైన పాత మానిటర్లను భుజాన పెట్టుకుని వీధుల వెంట నడిచేవాడు కాబట్టి ఆ పేరు. ఆయనకొక పట్టింపు ఉండేది. మంచి సామానంతా కొట్టుకు వచ్చినవాళ్లకు, వాళ్లు వద్దన్నది ఇంటికి. ఇంట్లో మిక్సీ దగ్గర్నుంచి ఫ్యాను దాకా ఎవరో వదిలేసినవే. నన్ను కూడా ఎవరో వెనక్కిచ్చేస్తేనే తెచ్చుకున్నారా అని పిన్ని దెప్పేది.

వాళ్లకు ఒక్కతే కూతురు, నాకు చెల్లి. దానికోసం బాబాయి ఇంట్లో ఒక కంప్యూటరు కూర్చాడు. లోపల వేసిన గ్రాఫిక్స్ కార్డు, అంటే తెరకు బొమ్మను పంపే పలక, ఎవరో తిరిగిచ్చేసినదే. దానికి ఎరుపు వచ్చేది కాదు. మిగతా రంగులు వస్తున్నాయిగా, ఆడుకోవడానికి చాల్లే అన్నాడు. చెల్లి బడి నుంచి రాగానే దాని ముందు చేరి బొమ్మలు వేసేది. నాన్నా, మనకు ఎరుపెప్పుడొస్తుంది అని అడిగేది. వచ్చే వారం అనేవాడు. కొట్టులో ఎప్పుడూ ఎవరిదో ఒకరిది తొందర పని ఉండేది.

దానికి పాలపళ్లు ఇంకా ఊడుతున్న వయసు. జ్వరమని ఆస్పత్రికి తీసుకెళ్లిన పిల్ల మళ్లీ ఇంటికి రాలేదు.

బాబాయి ఆ కంప్యూటరు విప్పేశాడు. భాగాలన్నీ, ఆ కార్డుతో సహా, ఎవరెవరికో పోయాయి. బొమ్మలున్న హార్డ్‌డిస్కును మాత్రం పిన్ని బీరువాలో చీరల మధ్య దాచింది. ఇన్నేళ్లకు, కొట్టు మూసేశాక, అందులోని బొమ్మలు చూడటానికి బాబాయి అచ్చం అలాంటి పాత కంప్యూటరే కూర్చడం మొదలుపెట్టాడు. పెట్టె దొరికింది, బోర్డు దొరికింది. పేచీ కార్డు దగ్గర వచ్చింది.

నేను వెళ్లేసరికి ముందు గదిలో బల్లమీద మూత తీసిన పెట్టె, పక్కన మూలుగుతున్న పాత మానిటర్. బాబాయి ముందు బాగున్న కార్డుతో బొమ్మ చూపించాడు. ఒక ఇల్లు, గడ్డి, భుజాన మానిటర్ మోస్తున్న నాన్న. ఆకాశం కొంత నీలం, కొంత వంకాయ రంగు. గడ్డిలో పసుపు అతుకులు. నాన్న మీసం ఒక పక్క నలుపు, ఒక పక్క ఎరుపు. నాకు నవ్వొచ్చింది. మరుక్షణమే విషయం తట్టింది. ఎరుపు రాని తెరమీద ఎరుపూ నల్లగానే ఉంటుంది. పసుపు ఆకుపచ్చలా, వంకాయ రంగు నీలంలా కనిపిస్తాయి. పిల్ల కళ్లకు ఆ రెండేసి రంగులూ ఒకటే.

పిల్ల చూసినట్టే ఆ బొమ్మను చూడాలని బాబాయి పాత సామాను కొట్లన్నీ తిరిగాడట, ఎరుపు రాని కార్డు కోసం. అందరూ పనిచేసేది అడుగుతారు, మీరడిగే పాడైనవాటికైతే మా కొట్లో కరువే లేదు అని ఒక కొట్టువాడు వేళాకోళం చేశాడట. అంత తిరగడమెందుకు, మానిటర్ తీగ చివర ఎరుపు తెచ్చే పిన్ను విరిచేస్తే సరిపోయేదిగా అన్నాను.

“తెలుసమ్మా. బాగున్నదాన్ని నా చేత్తో పాడుచెయ్యలేను. చెయ్యి రాదు.”

చివరికి ఒకటి దొరికింది. దాన్ని వెయ్యడానికి పిన్ని ఒప్పుకోవడం లేదు.

“ఆ ఎర్ర మీసమే ఉండనివ్వండి. దాన్ని చూసి మొన్న నవ్వాను. ఈ ఇంట్లో నేను నవ్వి ఎన్నాళ్లయిందో మీకేమైనా తెలుసా?”

“అది నవ్వించడానికి వెయ్యలేదే. నాకు నల్ల మీసమే పెట్టింది.”

“ఉన్నన్నాళ్లూ దానికి ఎరుపు తెచ్చివ్వలేదు. ఇప్పుడు ఉన్న ఎరుపు కూడా తీసేస్తారా?”

ఇద్దరూ నావైపు చూశారు. రెండో కార్డుతో కూడా ఒకసారి చూద్దాం అన్నాను.

ఆయన మిషను ఆపి కార్డు మార్చాడు. మరమేకు జారిపడితే పిన్నే వెతికిచ్చింది. తెర వెలిగింది. అతుకులన్నీ మాయమయ్యాయి. ఆకాశమంతా ఒకే నీలం, గడ్డి అంతా ఒకే ఆకుపచ్చ, మీసం రెండు పక్కలా నలుపు. చెల్లి ఎక్కడా తప్పు వెయ్యలేదు. కానీ తెల్లగా ఉండాల్సిన గోడలూ, నాన్న ముఖమూ నీలాల్లోకి దిగిపోయాయి. నీళ్లలో మునిగిన ఇల్లులా ఉంది.

“ఇందులోనా కూర్చుంది నా పిల్ల, అన్నాళ్లూ?” అంది పిన్ని.

బాబాయి బల్ల కింది నుంచి చిన్న పీట లాగాడు. చెల్లిదే. మోకాళ్లు గడ్డానికి తగిలేలా దానిమీద కూర్చుని తలెత్తి తెర చూశాడు.

“గుమ్మం దగ్గర నిలబడి, బాగుందమ్మా అనేసి పోయేవాణ్ణి. ఇక్కడ ఒక్కసారి కూర్చుని ఉంటే మర్నాడే మార్చేసేవాణ్ణి.”

పిన్ని చాలాసేపు ఏడ్చింది. తర్వాత వచ్చి ఆయన పక్కన నేలమీద చతికిలపడింది. “దీన్నే ఉంచండి. అది చూసిందే చూద్దాం” అంది. ఆయన లేచి మరమేకు బిగించాడు.

నన్ను సాగనంపడానికి వీధి దాకా వస్తూ బాబాయి పిల్ల సంగతి అడిగాడు. గోధుమరంగు ఆకుల గురించి చెప్పాను. డాక్టరు దగ్గరికి తప్పకుండా తీసుకెళ్లు అన్నాడు. అంతకన్నా ముందు చెయ్యాల్సింది ఒకటి ఉందన్నాడు.

మర్నాడు సాయంత్రం అదే చేశాను. బాల్కనీలో పిల్ల బొమ్మలు వేసుకునే మూల, దాని పక్కనే నేలమీద కూర్చున్నాను. ఎదురుగా మా పూలకుండీ. నేను రోజూ నిలబడి నీళ్లు పోసే మొక్క, పైన గుబురుగా పచ్చగా ఉంటుంది. అక్కడినుంచి అదేమీ కనబడదు. కనిపించేవి కింది ఆకులే. అన్నీ ఎండిపోయి, గోధుమరంగులో వేలాడుతున్నాయి.

డాక్టరు దగ్గరికి కూడా వెళ్తాం, చూపించడానికి చీటీ తీసుకున్నాను. కానీ ఇప్పుడు పిల్ల ఏ బొమ్మ తెచ్చినా ముందు బాబాయి మాటే గుర్తు చేసుకుంటాను.

“నిలబడి ఏమీ అడక్కు తల్లీ. దాని పక్కన కింద కూర్చో. అది చూసేవైపు చూడు.”