హజరత్తయ్య బొబ్బట్లు

హజరత్తయ్య ఏ ఇంటి గడప ముందు నిలబడినా అడిగే మాట ఒక్కటే. వాన పడిందా అని కాదు, పెద్దాయనకి దగ్గు తగ్గిందా అని కాదు. "ఇయ్యాల ఏం చేసినాడు?" అంటాడు. ఎవరు అనుకునేరు, ఇంటి యజమాని గురించి కాదు, ఉయ్యాల్లో ఉన్నవాడి గురించి. ఏడాదిలోపు బిడ్డ ఊళ్ళో ఏ మూల ఉన్నా ఆ ఇంటికి ఆయన కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, నిలబడితే నిప్పట్లు, అడుగేస్తే అరిసెలు, పలుకొస్తే పంచదార చిలకలు. బిడ్డ చేసే ప్రతి పనికీ పెద్దవాళ్ళు ఒక తిండి పెట్టిపోయారు కదా, అదంతా తినిపెట్టడానికే దేవుడు తనను పుట్టించాడని ఆయన నమ్మకం.

ఆయనది బకింగ్‌హాం కాలవలో ఉప్పు పడవ. కృష్ణపట్నం పక్క ఉప్పు నిలవచేసే కొటార్లలో సరుకెత్తుకుని మద్రాసు దాకా పోయి, పది పదిహేను రోజులకి తిరిగొచ్చేవాడు. పెళ్ళాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. పడవ ఇంకా కట్టకు తగలకముందే, రేవులో అంట్లు తోముకునే ఆడవాళ్ళను కేకేసేవాడు. "ఏమ్మా, నేను లేనప్పుడు ఎవురెవురు ఏమేం చేసినారు?"

ఒకసారి పోలేరయ్య మనవడి దగ్గర, తిన్నె మీద, ఆయన్ని చిటికె సేపు ఒంటరిగా వదిలారు. మూడు నెలల గుడ్డు. లోపల్నించి వచ్చేసరికి బిడ్డ బోర్లా పడి గుక్కపట్టి ఏడుస్తున్నాడు, పక్కనే హజరత్తయ్య చప్పట్లు కొడుతున్నాడు.

"పడినాడు! నా కళ్ళారా చూసినా!"

"పడినాడా, పడేసినావా?" అన్నాడు పోలేరయ్య.

"ఎట్టయితే ఏందన్నా, కిందుండే వీపు పైకొచ్చింది గదా. పప్పు నానెయ్యమను."

ఇంకోసారి రెబెక్కమ్మ కూతురు నోట్లో బుడగలు ఊదుకుంటుంటే, "తాతా అనింది, విన్యావా?" అని పట్టుబట్టాడు.

"అన్నా, అది మాట గాదు, ఉమ్మి."

"ఉమ్మితోనే గదమ్మా మాట మొదలయ్యేది. చిలకలు తెప్పీ."

రెబెక్కమ్మ తిట్టుకుంటూనే చిలకలు తెప్పించింది. అదీ హజరత్తయ్య సంగతి. ఊరు నవ్వేది, పెట్టేది, మళ్ళీ నవ్వేది.

ఆ నవ్వుల మధ్యనే కామాక్షమ్మ ఇద్దరు బిడ్డల్ని మట్టికిచ్చింది.

మొదటిది ఆడపిల్ల. నాలుగో నెలలో బోర్లా పడింది. బొబ్బట్లు చేశారు, హజరత్తయ్య ఏడు తిన్నాడు. తొమ్మిదో రోజు పొద్దున వాంతులు, బేదులు. మధ్యాహ్నానికి పిల్ల లేదు. రెండోవాడు ఏడో నెలలో కూర్చున్నాడు. కుడుములు వండారు, హజరత్తయ్య వచ్చి తిన్నాడు. వారం తిరక్కుండా జ్వరం, ఒళ్ళు కొయ్యబారడం. అత్త వెంకటశేషమ్మ గాలి సోకిందని వేపమండలు వేయించింది, తాయెత్తు కట్టించింది. రెండు రోజుల్లో వాడూ పోయాడు. రెండుసార్లూ కామాక్షమ్మ మొగుడు రంగనాయకులు ఉప్పుమళ్ళ మీద కూలబడిపోతే, బిడ్డను పడవలో పెట్టుకుని కాలవ దాటించి, సరుగుడు తోపులో గుంట తీసింది హజరత్తయ్యే.

"తిన్న చేత్తోనే తవ్వినాడు" అంది వీధి.

వెంకటశేషమ్మ మొహానే అనేసింది. "నీ కన్ను నల్లరాయిని పగలగొట్టుద్దిరా. ఇంక నా గడప తొక్కబాకు."

హజరత్తయ్య తుండుగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన ఎవరింటి ముందూ నిలబడలేదు. వీధిలో పిల్లలు వాళ్ళ మానాన వాళ్ళు పాకారు, నిలబడ్డారు, అడగడానికి మనిషి లేడు. రెబెక్కమ్మ ఒకరోజు పాయసం దించుకుని, వీధి ఆ కొసకీ ఈ కొసకీ చూసి, ఉసూరుమంటూ లోపలికి పోయింది.

అరవై మూడులో కామాక్షమ్మకి మూడోవాడు పుట్టాడు. వెంకటశేషమ్మ దూలానికి ఉయ్యాల కట్టనివ్వలేదు. రెండుసార్లు కట్టిన చేత్తోనే రెండుసార్లు విప్పింది మరి. పేరు పెట్టనివ్వలేదు. బాలింత గదిలోకి తొంగి చూసి ఒక్కటే చెప్పింది. "వాడు నవ్వితే చూడబాకు."

బిడ్డ మొదటిసారి నవ్విన రోజు కామాక్షమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

బిడ్డలు నిలవని ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పసివాణ్ణి చేటలో పడుకోబెట్టి, పరాయివాళ్ళకి తవుడుకు అమ్మేస్తారు. పాలు తాగేది తల్లి దగ్గరే, పెరిగేది ఆ ఇంట్లోనే. కానీ వాడు ఇక ఆ ఇంటి బిడ్డ కాదు. యముడు వెతుక్కుంటూ వస్తే ఆ ఇంట్లో దొరకడు. ఏడాది గడిచాక తవుడు తిరిగి పోసి కొనుక్కుంటారు.

వెంకటశేషమ్మ చేటను గడప అవతల పెట్టి కూర్చుంది. కొనేవాళ్ళు రాలేదు. నలుగురు పిల్లల తల్లులు తలుపుల వెనకే నిలబడ్డారు. ఒకామె ఇంట్లో ముట్టంది, ఒకామె మొగుడు ఊళ్ళో లేడంది. ఈ ఇంట్లో దొరకనివాడి కోసం వచ్చేది తమ ఇంటికి వస్తే? ఎండ చేట అంచు దాకా వచ్చింది. బిడ్డ కళ్ళు చికిలించుకున్నాడు. కామాక్షమ్మ తలుపు చెక్క పట్టుకుని, తన బిడ్డను తవుడుకి కూడా ఎవరూ అడగడం లేదే అని చూస్తూ నిలబడింది.

అప్పుడొచ్చాడు హజరత్తయ్య, తుండుగుడ్డలో తవుడు మూట కట్టుకుని.

"నాకమ్ము అక్కా."

వెంకటశేషమ్మ దిగ్గున లేచింది. "నీకా? నీ కన్ను పడే గదరా ఇద్దరూ..."

"అందుకే అడగతాండా. పరాయి బిడ్డలకి గదా నా కన్ను తగిలేది. సొంత సొత్తు మీద ఎవుడన్నా కన్నేసుకుంటాడా?"

ఆమె చేటలో బిడ్డవైపు చూసింది. గొంతు తగ్గించింది. "వొచ్చేది నీ ఇంటికొస్తే?"

"రానీ. చాప, కుండ, నేను. ఏది కావాల్నో ఎత్తుకు పోనీ."

తవుడు చేటలో, బిడ్డ కాళ్ళ దగ్గర పోశాడు. వెంకటశేషమ్మ కళ్ళు ఒత్తుకుని, అంతలోనే వేలు చూపించింది. "ఒకటి గ్యాపకం పెట్టుకో. బిడ్డ నీవాడయితే బొబ్బట్లూ నీవే. వాడు ఏం చేసినా వీధి వీధంతా నీ గుడిసె ముందు విస్తరేసుకుంటాది."

హజరత్తయ్య మొహం పాలిపోయింది. "ఇది నాకు తట్టలేదే!" అని తలుపుల వెనక ఆడవాళ్ళందరికీ వినిపించేలా అన్నాడు. ఆ ఇంటి ముందు రెండేళ్ళకి మొదటిసారి ఎవరో నవ్వారు. బిడ్డ పేరు తవిటయ్య అయింది.

నాలుగో నెల నిండింది. తవిటయ్య బోర్లా పడలేదు. ఐదో నెల. ఆరో నెల. పడుకోబెట్టినచోట పెట్టిన గుడ్డపీలికలా ఉండేవాడు. వీధిలో ఆడవాళ్ళు నిప్పుకనో మజ్జిగకనో వచ్చి, బిడ్డవైపు ఒక చూపు చూసి, ఏమీ అడక్కుండా పోయేవాళ్ళు. ఆ అడక్కపోవడమే కామాక్షమ్మకి గుండెలో ముల్లు.

హజరత్తయ్య మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆ ఏడు మద్రాసు పడవ ఎక్కలేదు. దగ్గర రేవుల మధ్యే ఉప్పు తిప్పుతూ, రోజూ మధ్యాహ్నం వచ్చి గడప అవతలే నిలబడేవాడు. ఇప్పుడు అడగడం వీధి వంతయింది.

"ఏమన్నా, నీ కొడుకు ఇయ్యాల ఏం చేసినాడు?"

"ఏం చెయ్యలేదమ్మా. నేనే చెప్పినా, ఇప్పుడే బోర్లా పడబాకు నాయనా, మంచి శనగపప్పు రాలేదు అంగట్లో అని. బంగారు బిడ్డ, తండ్రి మాట దాటడు."

మరుసటి నెల బెల్లం నల్లగా ఉందన్నాడు. ఆ పై నెల పెనం చిల్లు పడిందన్నాడు. రెబెక్కమ్మ ఊరుకోలేదు. "తినేటప్పుడు ఎవురింటి పెనానికీ చిల్లు లేదే! పిసినారి మారాజా, నీ బొబ్బట్ల కోసం బిడ్డ పెళ్ళీడు దాకా ఎల్లకిలా పడుకోవాల్నా?"

వీధి విరగబడి నవ్వింది. కామాక్షమ్మకి ఒళ్ళు మండింది. బిడ్డ అవిటివాడేమోనని తను కుమిలిపోతుంటే ఈయనకి వేళాకోళమా! చాన్నాళ్ళకి గానీ ఒక సంగతి ఆమె గమనించలేదు. నిప్పుకి వచ్చిన ఆడవాళ్ళు మళ్ళీ కూర్చుంటున్నారు, మాట్లాడుతున్నారు. వీధి నోట్లో బిడ్డ లేడు, హజరత్తయ్య పిసినారితనమే ఉంది.

ఆ రోజుల్లోనే ఆయనకి ఇంకో అలవాటు పట్టుకుంది. పొద్దువాలే వేళకి పొట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు.

"రెబెక్కమ్మా, చిటికెడు వాముంటే పెట్టమ్మా."

"ఎవురూ ఏమీ పెట్టడం లేదు గదన్నా నీకు. ఏం తిన్యావు?"

"గాలి."

"గాలి తింటే గాలే వస్తాది" అని ఆమె గుప్పెడు వాము పోసేది. ఒంటిగాడి పొట్టలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలని వీధికి ఎంత ఉన్నా, ఆయన చెప్పలేదు.

ఎనిమిదో నెలలో జ్వరం వచ్చింది. అదే ఎండవేళ, అదే ఒళ్ళు కొయ్యబారడం. వెంకటశేషమ్మ రంగనాయకుల్ని వేపమండలు తెమ్మని పంపి, గోడకు చేరగిలబడి, కదల్లేదు. ఆమెకి ఈ దారంతా తెలుసు, రెండుసార్లు నడిచింది. హజరత్తయ్య మొదటిసారి గడప దాటి లోపలికొచ్చాడు.

"కామాక్షమ్మా, లెయ్. బండి కట్టించినా. నెల్లూరు పెద్దాస్పత్రికి పోదాం."

"మంత్రం పడకుండా బిడ్డను కదిలిస్తావా?" వెంకటశేషమ్మ అరిచింది. "ఎవుర్నడిగి తీసకపోతావురా?"

"ఎవుర్నడగాల అక్కా?" అన్నాడు. "తవుడు పోసి కొనుక్కున్యా. నా బిడ్డ."

ఆమె కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది. బండి మీద బస్సు రోడ్డు దాకా, అక్కణ్ణించి బస్సులో. మూడు రోజులు ఆసుపత్రి వసారాలో ఉన్నారు. సూదులు పొడిచారు. పక్క మంచం బిడ్డను రెండో రోజు గుడ్డ చుట్టి తీసుకుపోయారు. కామాక్షమ్మ చూడలేదు, హజరత్తయ్య ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు. నాలుగో రోజు జ్వరం విడిచింది. బిడ్డ బలహీనుడు, అన్నీ నిదానంగా వస్తాయి, తొందరపెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. "నేనెప్పుడు తొందరపెట్టినానమ్మా!" అన్నాడు హజరత్తయ్య, ఊరందరి పిల్లల్నీ తొందరపెట్టినవాడు.

ఇరవై రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం కామాక్షమ్మ బియ్యం చెరుగుతోంది. చాప మీద తవిటయ్య కాలు లేచింది. నడుము తిరిగింది. బోర్లా పడ్డాడు గానీ చెయ్యి పొట్ట కింద ఇరుక్కుంది. ఏడ్చాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు. వాడు ఏడుస్తూనే చెయ్యి లాక్కుని, తలెత్తి, ఎవరో తిట్టినట్టు ఆమెవైపు చూశాడు.

చేట అక్కడే పడేసి, బిడ్డను చంకనెత్తుకుని ఆమె తిన్నగా కాలవ కట్ట మీది గుడిసెకి నడిచింది.

"మామా, బోర్లా పడినాడు!"

హజరత్తయ్య చప్పట్లు కొట్టలేదు. "నువ్వు చూసినావా? కళ్ళారా?" అన్నాడు.

జవాబు చెప్పబోతూ ఆమె ఆగింది. పొయ్యి పక్కన మూకుట్లో శనగపప్పు నానుతోంది. పైన గుడ్డ కప్పిన బెల్లం ముద్ద. చిల్లు లేని పెనం.

"మీకు ఎవురు చెప్పినారు మామా? నేనిప్పుడే గదా వొచ్చింది."

"ఎవురూ చెప్పలేదమ్మా." తల గోక్కున్నాడు. "నాలుగో నెల నించీ రోజూ తెల్లారి దోసెడు నానేస్తాండా. ఏ పొద్దు పడతాడో తెలియదు గదా. పొద్దువాలేదాకా చూసి, పడకపోతే ఉడకేసుకుని తినేది. పారేస్తే పాపం."

"రోజూనా? ఐదు నెల్లు శనగపప్పేనా?"

"శనగపప్పే."

కామాక్షమ్మ ఆయన పొట్టవైపు చూసింది. "వాము!" అంది. అంతే, నవ్వు తన్నుకొచ్చింది. బిడ్డతో సహా నేల మీద కూలబడి, పక్కలు నొప్పెట్టేలా నవ్వింది.

"నవ్వు నవ్వు" అన్నాడు హజరత్తయ్య ఉక్రోషంగా. ఆ తర్వాత పప్పు కడుగుతూ, మామూలు మాటలా చెప్పాడు. "నాకంటే ముందు నలుగురు బిడ్డలు పోయినాక, కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టినా నేను. దిష్టి తగులుద్దని మా అమ్మ నాకు ఒక్కటీ చెయ్యలేదు. నేను బోర్లా పడినానో లేదో చూసినోళ్ళు లేరు. ఆ ఆకలే తల్లీ, ఊరంతా తిన్యా తీరలేదు."

సాయంత్రం గుడిసె ముందు వీధంతా విస్తరేసుకుంది. బొబ్బట్లు పడవ పలకల్లా ఉన్నాయి. వెంకటశేషమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి అందరికంటే ముందు కూర్చుంది. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. అందరూ ఆమె దవడవైపే చూశారు.

"ఉప్పేసినావేరా?"

"ఉప్పు పడవోడి చెయ్యి గదక్కా."

ఆమె చాలాసేపు నమిలింది. "ఇంకోటెయ్" అంది.

మర్నాడు మధ్యాహ్నం హజరత్తయ్య వచ్చి, అలవాటుగా గడప అవతల నిలబడ్డాడు. లోపల దూలానికి ఉయ్యాల ఊగుతోంది. తిన్నె మీంచి వెంకటశేషమ్మ గదిమింది. "ఏందిరా, నోరు పడిపోయిందా? అడగవేం?"

హజరత్తయ్య తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇయ్యాల... ఏం చేసినాడక్కా?"

"నవ్వినాడు. నేనూ నా కోడలూ ఎదురుగా కూర్చోని చూసినాం. నవ్వితే ఏందో నీకు నేను చెప్పాల్నా?"

"నువ్వుండలు" అన్నాడు హజరత్తయ్య, చెయ్యి పొట్ట మీదికి పోతుండగా. "ఇప్పుడే పోయి నువ్వులు నానేస్తా."

"నువ్వులు నానేస్తారట్రా ఎవురన్నా!" వెంకటశేషమ్మ కర్రెత్తింది. "వేయించాల!"