కావాలని కుట్టిన వంకర జేబు

మా దర్జీ దుకాణంలో కోట్లు కోసేది మా చెల్లి, కుట్టేది నేను. పదహారేళ్లుగా దాని కత్తెరకు తిరుగులేదు. అలాంటిది ఆరు నెలల క్రితం ఒక కోటు చెయ్యి పొట్టిగా కోసేసింది. ఇక అంతే! బట్ట పరిచేది, సుద్దగీత గీసేది, పదిసార్లు కొలిచేది, కత్తెర పక్కన పెట్టేసేది.

"కొయ్యవే తల్లీ!" అని అరిచాను. నాకు ఓపిక తక్కువ.

"ఇంకోటి పాడైతే ఈ పనే మానేస్తానక్కా," అంది.

ఆ పని తప్ప దానికి వేరే లోకం లేదు.

చివరికి కౌన్సెలింగ్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అట, మందుల్లేకుండా మాటలతో చేసే వైద్యం. పేరుకే నోరు తిరగలేదు. మాటలతో మనుషులు బాగుపడితే, నా నోటికి మా వీధంతా ఎప్పుడో బాగుపడాలి కదా!

ఆవిడ అరవలేదు. భయం ఏం చెబుతోందో రాయమంది, దానికి రుజువేమిటో కూడా రాయమంది. పదహారేళ్లలో పాడైన కోట్లు మూడేనని తేలింది. అయినా కత్తెర కదల్లేదు. ఐదో వారం ఆవిడ, "ఒక చొక్కా జేబు కావాలనే వంకరగా కుట్టండి. ఏమవుతుందో ముందే రాసిపెట్టుకోండి," అంది.

నాకు ఒళ్లు మండింది. చెల్లి మాత్రం ఏరికోరి లెక్కల మాస్టారి చొక్కా తీసి, నా చేత జేబు వంకరగా కుట్టించింది. గోడ మీద క్యాలెండరు ఒరిగినా సరిచేసి కానీ కూర్చోని మనిషి ఆయన! కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. "చొక్కా మొహాన కొడతారు. దుకాణం మూతపడుతుంది," అని పుస్తకంలో రాసుకుంది.

మాస్టారు వచ్చి చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు.

"ఏమ్మా, జేబు వంకరగా ఉందే?"

"అవునండీ. ఇప్పుడే విప్పి కుట్టిస్తాను."

"కానివ్వమ్మా," అని పేపరు తీసుకుని కూర్చున్నారు. పది నిమిషాల తరువాత చొక్కా పట్టుకుని వెళ్లిపోయారు. అంతే, ఇంకేమీ జరగలేదు.

చెల్లి చాలాసేపు ఆ పుస్తకం చూస్తూ కూర్చుంది. మర్నాడు నేను మిషన్ మీదుండగా వెనక నుంచి కత్తెర చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే కోటు బట్ట కోస్తోంది.

"భయం పోయిందా?" అన్నాను.

"లేదక్కా, ఉంది. ఉన్నా కోస్తున్నా."

నాకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, అది కోసిన మొదటి ముక్క అందుకున్నాను.