చివరి మాట కత్తెరాయనది

ఆయనకి కత్తెరాయన అని పేరొచ్చింది కుట్టుపని వల్ల కాదు, నోటి వల్ల. దర్జీలు ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్లనెవరూ అలా పిలవరు. సొంత ఇంటి మెట్ల కింద, నిటారుగా నిలబడితే తలకి తగిలే చోట ఆయన కొట్టు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల మీద టేపు చుట్టి, "నడుమెక్కడో మీరే చూపించండి, నాకు దొరకడం లేదు" అనేవాడు. అయినా జనం వచ్చేవారు, ఎందుకంటే కుట్టు అంత బాగుండేది. ఇలాంటి మనిషికి ఎక్కడైనా ఒకరిద్దరు "నోరే గాని మనసు మంచిది" అనేవాళ్లు దొరుకుతారు. ఈయనకి వాళ్లు కూడా లేరు. ఆయనకున్నదల్లా నాటకం.

ఒకప్పుడు కలప నిలవచేసిన గోదామే ఊళ్లో నాటక సమాజం వాళ్ల నాటకశాల. ఇప్పటికీ వానొస్తే గోడలు రంపపు పొట్టు వాసన కొడతాయి. పగలు ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుని, సాయంత్రం అక్కడ మొహానికి రంగు పూసుకుంటారు. అందరి దుస్తులూ కత్తెరాయనే కుట్టేవాడు, తన వేషాలు తను వేసేవాడు. కసాయి తండ్రి, దుర్మార్గపు మేనేజరు, జాలి లేని జడ్జి. ఆయన తిట్టిన తిట్లకి హాలు హాలంతా ఊగిపోయేది. నటన అనుకునేవారు పాపం.

నాటకాలు వేయించేవాడు ఆయన స్వయానా బావమరిది, భార్యకి తమ్ముడు. అతను డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాడి కాలి కంటే ముందు తన కాలితో బ్రేకు తొక్కడం అతని జీవనం. నటులతోనూ అదే పద్ధతి. ఎవరైనా రెండడుగులు సొంతంగా వేశారంటే "ఆపు" అని కేకేసేవాడు. అలాంటివాడి బ్రేకుకి లొంగనిది ఒక్క బావే. పోయినేడు జడ్జి వేషంలో ఉండగా, బోనులో నిలబడ్డ కుర్రాడు మాట మరిచిపోయాడు. కత్తెరాయన బల్ల గుద్ది, నాటకంలో లేని తీర్పొకటి చెప్పాడు: ఇంటికి పోయి అమ్మ దగ్గర పాఠం అప్పజెప్పి రమ్మన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. ఆ కుర్రాడు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. బావమరిది ఆ సంగతి మనసులో పెట్టుకున్నాడు.

ఈసారి రాబోయే నాటకాల పోస్టరు హాలు తలుపుకి అంటించారు. మూడు మామూలు నాటకాలు, రెండు పాటల నాటకాలు. ఆఖరిది గుడ్డివాడైపోయిన ముసలి రాజు కథ. అందులో రాజుకి బోలెడు పాటలు. ఆ వేషం కోసం కత్తెరాయన కాచుకుని ఉన్నాడు. మిషను తొక్కుతూ ఆ పాటలన్నీ ఎప్పుడో వంటబట్టించుకున్నాడు. పట్టు ముక్కలు దాచి, ఎవరూ అడక్కుండానే రాజుగారి అంగీ కూడా కుట్టేసుకున్నాడు, తన కొలతలకి.

పోస్టరులో ముసలి రాజు వేషం సమాజంలో ఒకడైన పళ్ల డాక్టరుది. కత్తెరాయనకి దక్కింది మొదటి నాటకంలో కాపలావాడి వేషం. ఆ తర్వాత నాలుగింటికీ పేరు ఒక్కచోటే ఉంది, అట్టడుగున, దుస్తులు అన్న మాట పక్కన.

కాపలావాడికి ఉన్నది ఒక్క మాట. అదే నాటకంలో చివరి మాట. ఇక్కడే ఉంది అసలు అవమానం. ఆ సమాజంలో మొదటినుంచీ ఒక పట్టింపు ఉంది: నాటకంలో చివరి మాట రిహార్సల్లో ఎవరూ పలకకూడదు. పలికితే ఆట మొదటి రోజుకే కూలిపోతుందని వాళ్ల భయం. ఆ మాట చోట ఒక్క చప్పట కొడతారు. చప్పట వినగానే, తెర దించే ముసలాయన, అందరూ తెర తాత అనే ఆయన, తాడు వదులుతాడు. అంటే రిహార్సళ్లన్నాళ్లూ కత్తెరాయన చేయవలసిందల్లా లోపలికి వచ్చి ఒక చప్పట కొట్టి పోవడం. అంత నోరున్న మనిషికి నోరు తెరిచే పనే లేదు. మిగతావాళ్లు మూతులు ముడుచుకుని నవ్వుకునేవారు. ఎప్పటి కచ్చ వాళ్లది.

ఆ కోపమంతా ఆయన ఇంటికి మోసుకెళ్లాడు. ఇంట్లో భార్యని సాధించాడు. నీ తమ్ముడు నాకు చిడతలు కూడా ఇవ్వకుండా చప్పట్లు కొట్టిస్తున్నాడన్నాడు. ఆవిడ మెత్తని మనిషేం కాదు. పోయినేడు ఆ కుర్రాణ్ణి ఏడిపించినప్పుడు ఈ రోషం ఏమైందని అడిగింది. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆయన మిషను తొక్కుతూ పట్టింపుని కాలరాసి ఆ చివరి మాటనే పలికేవాడు, కోపంగా ఒకసారి, ఏడుపుగా ఒకసారి. ఆవిడ వంటింట్లోంచి వింటూనే ఉండేది.

మొదటి ఆట ఆదివారం సాయంత్రం. హాలు నిండిపోయింది. ఆఖరి రంగంలో మంచం మీద శవం. ఆ శవం, అంటే నాటకంలో నాయకుడు, బావమరిదే, ఎందుకంటే పాటల్లేని పెద్ద వేషం ఏదైనా తను వేసుకోకుండా వదిలే మనిషి కాదు. తలాపున కూర్చుని ఏడుస్తున్న అక్కగారు కత్తెరాయన భార్య. నిజానికీ అక్కే. కాపలావాడు తలుపు వేసి, మంచం దగ్గరికి వచ్చి, "తలుపులు వేసేశానమ్మా. ఇంకెవరూ రారు" అనాలి. తెర పడాలి.

కత్తెరాయన తలుపు వేశాడు. మంచం దగ్గరికి వచ్చాడు. నోరు మాత్రం విప్పలేదు.

జనం దాన్ని దుఃఖం అనుకున్నారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, శవం చెవి దగ్గరికి వంగాడు.

"రాజు వేషం ఎవరిది?" అని గొణిగాడు.

శవం పెదవి కదపకుండా, "డాక్టరుది. మాట చెప్పి తగలడు బావా" అంది.

"మళ్లీ ఆలోచించుకో. నేను మాట అనందే తాత తాడు వదలడు. తెల్లారేదాకా పడుకుంటావా?"

"చచ్చినా ఇవ్వను."

కత్తెరాయన లేచాడు. అవతల తెర తాత తాడు పట్టుకుని కళ్లప్పగించి చూస్తున్నాడు. మాట పడితేనే వదలడం ఆ ముసలాయన ధర్మం, పక్కనుంచి ఎంతమంది సైగలు చేసినా ఆయన చెయ్యి సడలదు. ఏడుపు ఆపకూడదు గనక అక్కగారు ఏడుస్తూనే ఉంది. గొంతు బొంగురు పోయింది. శవం ముక్కు మీద ఈగ వాలింది. శవం ముక్కు ఎగబీల్చింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ నవ్వు కత్తెరాయనకి అమృతంలా ఉంది. ఇన్నాళ్లు తనని చూసి నవ్వినవాళ్లంతా ఇప్పుడు తన పెదవుల వంక చూస్తున్నారు. ఎప్పుడు కదుల్తాయా అని కొయ్యబారిపోయి ఉన్నారు. ఇంతకంటే రాజు వేషం ఏముంటుంది? తొందరేం లేనట్టు, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ స్టేజీ అంచు దాకా నడిచాడు. చేతులు వెనక్కి కట్టుకుని జనం వైపు తిరిగాడు. తెర జారే గీత ఆయన వీపు వెనకబడింది. అది ఆయన చూసుకోలేదు. దర్జీ మనిషి, గీత చూడకుండా ఎప్పుడూ బట్ట కోయని మనిషి.

వెనకాల ఏడుపు ఆగింది.

"తలుపులు వేసెయ్" అంది ఆయన భార్య. అరిగిపోయిన గొంతు. అయినా వెనక బల్లల దాకా వినబడింది. "ఇంకెవరూ రారు."

తాడు వదిలిన చప్పుడు. ఆయన గిరుక్కున తిరిగేసరికి ముక్కుకి అంగుళం దూరంలో తెర ఉంది. తనే కుట్టిన తెర. తనే రెండు పొరలుగా మడిచి, గాలికి లేవకుండా అడుగున ఇనప గొలుసు వేసి కుట్టాడు. పైకెత్తబోయాడు. కదల్లేదు.

చప్పట్లు మోగాయి. తెరవెనక బావమరిది మంచం మీంచి లేచిన చప్పుడు, ఆ వెంటనే అక్కా తమ్ముళ్ల నవ్వు వినిపించాయి. ఆ నవ్వులో భార్య గొంతుని ఆయన గుర్తుపట్టాడు. చాలా కాలమైంది విని.

జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. పిల్లల్ని లేపుకుంటున్నారు. వాళ్ల వైపు తిరిగి, చేతులు జోడించి, కత్తెరాయన తన మాట చెప్పాడు. కోపంగా కాదు, ఏడుపుగా కాదు. మిషను మీద ఎప్పుడూ పలకనంత బాగా పలికాడు.

"తలుపులు వేసేశానమ్మా. ఇంకెవరూ రారు."

గుమ్మం దగ్గర ఒకావిడ వెనక్కి చూసి, ఇంకా ఏమైనా ఉందా అని పక్కావిణ్ణి అడిగింది. ఏమీ లేదు, అయిపోయింది, పద అందామె.