అమ్మ చదివిన మెసేజీలు

నరసరావుపేటలో మా పక్కింటి పిన్నిగారు మొన్న వాళ్ళమ్మాయి స్మార్ట్‌వాచీ, ఫోనూ పట్టుకొచ్చింది. పిల్లకి వచ్చే మెసేజీలన్నీ తన ఫోన్లో కూడా కనపడేట్టు చెయ్యమంది. "పిల్ల ఎవరితో మాట్లాడతందో మనం తెలుసుకోవద్దా ఏంది?" అంది. తెలుసుకోవాల్సిందే, నేనూ కాదనను. ఆ పని నా చేత మాత్రం చేయించొద్దన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా నాన్న నాకూ అలాంటి వాచీయే కొనిచ్చాడు. మాచర్ల దగ్గర మా ఊరు. కాలేజీకి రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. దారిలో ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తాలని ఆయన షరతు. ఒకరోజు అన్నం తింటుంటే వాచీ మీద మెసేజీ వెలగడం చూశాడు. పంపింది నా స్నేహితురాలే. అయినా ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి నా ఫోన్ ఆయన ముందుండాలన్నాడు. ఊళ్ళో అందరి తగాదాలూ తీర్చే పెద్దమనిషి, ఇంట్లో ఆయన తీర్పుకి అడ్డేముంది?

చిక్కొక్కటే. మేం రాసుకునేది తెలుగే కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. నాన్న తెలుగు పేపరు గడగడా చదివేస్తాడు, ఇది మాత్రం ఆయనకి కొరుకుడు పడలేదు. బయటివాళ్ళ చేత చదివిస్తే పరువు తక్కువ. అందుకని అమ్మని కూర్చోబెట్టాడు. అమ్మ ఇంటర్ పాసయింది. పెళ్ళయ్యాక ఆ చదువుతో ఇంట్లో పనిబడింది అప్పుడే.

ఆయన మంచం మీద, అమ్మ కింద, నేను గుమ్మం దగ్గర. అమ్మ బడిపిల్లలా పైకి చదివేది. "ఒసే పందీ, రికార్డు రాశావా?" అని నా స్నేహితురాలు రాస్తే అదీ చదివేది. నాన్న పగలబడి నవ్వేవాడు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నన్ను తిట్టించే మాటలొస్తే అమ్మ వాటిని దాటేసేది. అమ్మ నా పక్షమని ఎంత మురిసిపోయానో! పిచ్చిదాన్ని.

ఒకరోజు స్నానానికి నీళ్ళు కాగలేదని నాన్న చెంబు విసిరాడు. అమ్మ నుదురు బొప్పి కట్టింది. "ఇంట్లో గొడవ, మనసు బాలేదు" అని నా స్నేహితురాలికి రాశాను. అంతే రాశాను. సాయంత్రం అమ్మ ఆ ముక్క చదివింది, ఆగలేదు. అదే బడిపిల్ల గొంతుతో, ఫోన్ మీంచి కళ్ళు తిప్పకుండా ఇంకా చదువుకుంటూ పోయింది.

"మా నాన్న పదిమందిలో పెద్దమనిషి, ఇంట్లో పశువు. ఆయన దగ్గినప్పుడల్లా ఈసారైనా పోతాడేమోనని చూస్తా. పోయిన రోజు కడుపునిండా అన్నం తింటా."

"నేను రాయలేదు నాన్నా! అమ్మే కల్పించి చదువుతోంది!" అని అరిచాను. అమ్మ ఏమవుతుందో ఆలోచించలేదు. నా చదువు పోతుందన్న భయం ఒక్కటే.

నాన్న అమ్మ వంక చూశాడు. తర్వాత నవ్వాడు.

"దీనికా? ఉన్నది చదవటమే దీనికి గొప్ప. ఇన్ని మాటలు దీనికి యాడినించి వస్తయ్యే? చేసిందంతా చేసి కన్నతల్లి మీదకి నెడతావా?"

ఎవరికైనా చూపించమని బతిమాలాను. ఆ మాటలు బయటివాళ్ళ చెవిన పడటమా? ఫోన్నీ వాచీనీ గడప మీద పెట్టి పచ్చడిబండతో చితక్కొట్టాడు. మర్నాటి నుంచి నాకు కాలేజీ లేదు.

ఆయన పొలం వెళ్ళాక వంటింట్లో అమ్మని నిలదీశాను. "ఎందుకమ్మా నా గొంతు కోశావు?"

అమ్మ వంకాయలు తరుగుతూ తలెత్తలేదు. "ఒక్కసారన్నా ఆ మాటలు ఆయన చెవిన పడాలనుకున్నా. నీకు పోయింది కాలేజీయే. నా పేరు చెప్పటానికి నీకు క్షణం కూడా పట్టలా. ఆయన నీ మాట నమ్మినట్టయితే ఈపాటికి నన్ను పాడె మీద పడుకోబెట్టేవాళ్ళు."

నేను ఏడుస్తూ నిలబడ్డాను. ముక్కలు నల్లబడుతున్నాయి, నీళ్ళు తెమ్మంది.