ఆ కుట్టు మాది కాదు

మాది చిల్లకల్లు. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీకి మా పొదుపు సంఘం ఆడవాళ్లం చేతి తొడుగులు కుట్టి ఇచ్చేవాళ్లం. అంతకుముందు అవి హైదరాబాదు నుంచి వచ్చేవి. స్టోర్సులో చేసే సునీత మేడం పై ఆఫీసరుతో పోట్లాడి ఆ ఆర్డరు మాకిప్పించింది. నా మనవరాలి వయసు. మూడు నెలలు మా మధ్య కూర్చుని, వేళ్ల సందుల్లో రెండు వరసలు కుట్టాలని నేర్పింది.

ఒకసారి పెళ్లిళ్ల రోజుల్లో సగం మంది కుట్టడానికి రాలేదు. సరుకు తగ్గితే పరువు పోతుందని, సంఘం లీడరుగా నేనే విజయవాడ వెళ్లి వంద జతలు కొనుక్కొచ్చి మావాటిలో కలిపేశా. ఎవరికీ చెప్పలేదు.

వారం తిరక్కుండానే ఫ్యాక్టరీకి రమ్మన్నారు. తొడుగు పిగిలి ఒక కార్మికుడి అరచెయ్యి కాలింది. కట్టు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. సునీత ఆ తొడుగు తిరగేసి చూసింది. ఒక్క వరసే ఉంది.

"మామ్మగారూ, ఇది మన కుట్టు కాదు కదండీ?"

ఎదురుగా పై ఆఫీసరు. "మనదేనమ్మా, తొందరలో కుట్టాం" అనేశా.

ఆ పిల్ల నన్ను కాసేపు చూసి, ఆఫీసరు వైపు తిరిగింది. "నేనే సరిగ్గా నేర్పలేదు సార్."

అప్పుడన్నా నోరు తెరవాల్సింది. తెరవలేదు. తొడుగులు మళ్లీ హైదరాబాదు నుంచే వస్తున్నాయి. ఆర్డరు ఎందుకు పోయిందో మా ఆడవాళ్లకి ఇవాళ్టికీ తెలీదు.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నా. పత్రికకు రాయడం ఇదే మొదలు. సునీత సరిగ్గానే నేర్పింది. మావాళ్లు సరిగ్గానే కుట్టారు. అబద్ధమాడింది నేను.